పెళ్లికాని పెద్ద ముత్తాత జాడ

మన ఇళ్లల్లో వంశం చెప్పమంటే కొడుకు, మనవడు అని దిగుతూ వస్తారు. పెళ్లికానివాడి దగ్గర లెక్క ఆగిపోతుంది. మా ముత్తాతకి ఒక అన్న ఉండేవాడు. "నెటాలు పోయాడు, పెళ్లి లేదు" అన్న మాటే ఇంట్లో మిగిలింది. పిండం పెట్టేటప్పుడు కూడా ఆయన పేరు ఎవరూ తలవరు. మనం ఉంటున్న హెర్న్‌డన్‌కి 1857లో ఓడతోపాటు మునిగిపోయిన కెప్టెన్ పేరు పెట్టుకున్నారు. ఓడెక్కిన మావాడి పేరు మాత్రం ఇంట్లోనే లేదు. అందుకే రాత్రిపూట పని అయ్యాక వెతుకుతున్నా.

నెటాలు అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ వైపు. చెరకు తోటల పనికి మనవాళ్లతో మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరు 12న మద్రాసులో బయల్దేరి నవంబరు 16న చేరింది. 342 మంది. 1911 దాకా మొత్తం 1,52,184 మంది వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు.

ప్రతి మనిషికీ ఒక నంబరు, మన సైటు బ్యాడ్జీ లాగ. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు రాసేవారు. సొంతవాళ్లు మర్చిపోయిన మచ్చని దొర గుమాస్తా రాసిపెట్టాడు చూడండి!

వెతికేవాళ్లకి ఒక మాట. ఇప్పటి జిల్లా పేరు పెట్టి వెతక్కండి. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. మాది సోంపేట వైపు, 1936 దాకా అది గంజాం జిల్లా. చిత్తూరువాళ్లయితే 1911కి ముందు ఉత్తర ఆర్కాటు కింద చూడాలి. పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఉంటాయి. మా పెద్ద ముత్తాత పేరుతో ఒకరికి మించి కనపడుతున్నారు. తండ్రి పేరు, ఊరు కలిస్తేనే మనవాడు.

ఇంక పెళ్లి సంగతి. ఆయనే వద్దనుకున్నాడని మా పెద్దలంటారు. నేను నమ్మను. ఫిజీ ఓడల్లో 100 మంది మగవాళ్లకి 40 మంది ఆడవాళ్లు ఎక్కాలని నియమం. నెటాలులోనూ కొరతే. మిగిలినవాళ్లకి పిల్ల ఎక్కడ దొరుకుతుంది?

పైగా కాగితంలో "పెళ్లి లేదు" అని ఉన్నా నిజంగా లేదని కాదు. 1913 మార్చిలో కేప్ కోర్టులో జడ్జి సెర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని తీర్పిచ్చాడు. గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు దిగడానికి అదో కారణం. 1914లో చట్టం తెచ్చి సరిచేశారు. అంతదాకా పసుపుతాడు కట్టి కాపురం చేసినా సర్కారు లెక్కలో ఒంటరివాడిగానే మిగిలి ఉండొచ్చు. అంటే మా పెద్ద ముత్తాతకి అక్కడ పిల్లలు ఉండి ఉండొచ్చు. మా దాయాదులు ఎవరో డర్బన్‌లో కూర్చుని సోంపేట ఎక్కడుందని వెతుకుతూ ఉండొచ్చు.

రంగూను వెళ్లినవాళ్ల వారసులకి ఈ పాటి కాగితం కూడా దొరకదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు, లెక్కంతా అతని పుస్తకంలోనే. నేను చేసేదీ మేస్త్రీ పనే. అందుకే నా కింద పనిచేసే పెళ్లికాని కుర్రాళ్ల పేరు, తండ్రి పేరు, ఊరు నోటుబుక్కులో రాసుకుంటున్నా.

డర్బన్‌లో మనవాళ్ల ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. ఈ ఆదివారం వాళ్లకి ఉత్తరం రాస్తా. మీ ఇంట్లో కూడా నెటాలు పోయినవాళ్లుంటే పేరు, తండ్రి పేరు, పాత జిల్లా పంపండి, కలిపి అడుగుతా.