ముంజేతి మీద వాపు, రిపోర్టులో అంకె

క్షయకు మందే లేని రోజుల్లో మదనపల్లె దగ్గర రోగులకు ఒక ఆసరా దొరికింది. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో అక్కడ యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం పెట్టాయి. 1915లో అది ఊరి బయట సొంత స్థలానికి మారింది. ఆ చోటే ఆరోగ్యవరం. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఆ ప్రాంతపు పొడిగాలి రోగులకు మేలు చేస్తుందని ఆనాటి నమ్మకం. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ ఆ సంస్థను నిలబెట్టారు.

అప్పటి శానిటోరియంలలో వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, ఆరుబయటి గాలి. జబ్బు ముదురుతోందో తగ్గుతోందో తెలుసుకోవడానికి వైద్యులు దొరికిన ప్రతి ఆనవాలునూ పట్టుకునేవారు. రక్తం అందులో ఒకటి.

రక్తకణాలకు రంగులు వేసి వేరుచేసే పద్ధతికి 1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ దారి చూపాడు. ఆ పని నేటికీ ల్యాబుల్లో సాగుతోంది. గాజు స్లైడు మీద ఒక్క చుక్క రక్తాన్ని పలుచగా సాగదీసి, ఆరనిచ్చి, లీష్మన్ రంగు పోస్తారు. మైక్రోస్కోపు కింద లింఫోసైటు అనే తెల్లకణాన్ని ఇట్టే గుర్తుపట్టవచ్చు. గుండ్రటి ముదురు ఊదారంగు కేంద్రకం కణమంతా నిండి ఉంటుంది, దాని చుట్టూ లేతనీలం అంచు సన్నగా కనిపిస్తుంది. 100 తెల్లకణాలు లెక్కపెడితే వాటిలో ఎన్ని లింఫోసైట్లో అదే శాతం. 1920ల్లో అమెరికాలో ఫ్లారెన్స్ సేబిన్ బృందం క్షయ సోకిన కుందేళ్ళలో లింఫోసైట్లకూ మోనోసైట్లకూ ఉన్న నిష్పత్తి మీద పరిశోధన చేసింది. జబ్బు నడకను ఆ నిష్పత్తి చెబుతుందని వైద్యులు ఆశపడ్డారు.

లింఫోసైట్లు అసలు ఏం చేస్తాయో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

మదనపల్లెలో వాటి పని మరో రూపంలో బయటపడింది. మనదేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు 1948లో ఇక్కడే మొదలయ్యాయి. 1950 నుంచి క్రిస్టియన్ కుమారుడు జోహన్నెస్ ఫ్రిమోట్ మోల్లర్ చుట్టుపక్కల పల్లెల్లో ఆ టీకా మీద పెద్ద పరిశీలన నడిపారు. టీకాకు ముందు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష ఉండేది. ముంజేతి చర్మంలోకి కొద్దిగా మందు ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత వచ్చి, గట్టిపడిన చోటును వేలితో తడిమి, స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచేవారు. అంతకుముందే క్షయ క్రిమి ఒంట్లో చేరినవారికి అక్కడ గట్టిగా వాస్తుంది. చేరనివారికే టీకా.

ఆ గట్టిదనం లింఫోసైట్ల పనే. వాపునిచ్చే ఆ గుణం రక్తపు నీటిలో కాక కణాల్లో ఉందని మెరిల్ చేజ్ 1945లో ఒక జంతువు కణాలను మరొకదానికి ఎక్కించి చూపించాడు. లింఫోసైట్లు రక్తం నుంచి లింఫు గ్రంథుల్లోకి వెళ్ళి తిరిగి వస్తూ ఉంటాయని, రోగనిరోధానికి మూలం అవేనని 1960 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ నిరూపించాడు. ఒంట్లోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి దాదాపు 2 శాతమే. ల్యాబులో లెక్కపెట్టేది ఆ కొద్ది భాగాన్నే.

అందుకే సీబీపీ అనే రక్తపరీక్ష రిపోర్టులో లింఫోసైట్ల గడి పక్కన ఎక్కువ అని గుర్తు పడగానే కంగారు అక్కర్లేదు. పెద్దవారిలో మామూలు శాతం 20 నుంచి 40. కానీ మొత్తం తెల్లకణాలు 3,500 ఉండి లింఫోసైట్లు 45 శాతమైతే, అసలు సంఖ్య 1,575. మైక్రోలీటరుకు 1,000 నుంచి 4,000 వరకు మామూలే కాబట్టి అక్కడ లింఫోసైట్లు పెరగలేదు, మిగతా కణాలు తగ్గాయి. టైఫాయిడ్‌లోనూ కొన్ని వైరల్ జ్వరాల్లోనూ ఇలా కనిపిస్తుంది. చిన్నపిల్లల్లో లింఫోసైట్లే ఎక్కువగా ఉండటం సహజం. కోరింత దగ్గులో అవి బాగా పెరుగుతాయి. హెచ్‌ఐవీలో సీడీ4 అనే రకం తగ్గిపోతుంది, అది 200 కంటే దిగితే క్షయలాంటి జబ్బులు సులువుగా పైబడతాయి. పెద్దవారిలో అసలు సంఖ్యే 5,000 దాటి నెలల తరబడి తగ్గకపోతే రక్త క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి డాక్టర్లు మరిన్ని పరీక్షలు రాస్తారు.

ఇళ్ళలో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంతగానే క్షయ నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. దాంతో శానిటోరియంల కాలం ముగిసింది. ఆరోగ్యవరం ఇప్పుడు సాధారణ ఆసుపత్రి. క్షయ మాత్రం పోలేదు. దాన్ని లింఫోసైట్ల అంకె ఒక్కటే పట్టివ్వదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే, రిపోర్టులో ఆ అంకె ఎంత బాగున్నా కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్షా మందులూ ఉచితమే.