తొక్కిసలాట: ఒక మాటను గురించి

2015 జూలై 14, గోదావరి పుష్కరాల తొలి దినము. ఆ ఉదయమే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వద్ద 27 మంది ప్రాణాలు కోల్పోయారు. నాడు మేము ఆర్మూరుకు చేరువనున్న పోచంపాడులో స్నానమాడి, తడిబట్టలతో ఇల్లు చేరి ఆ వార్త విన్నాము.

పత్రికలన్నీ ‘తొక్కిసలాట’ అని వ్రాశాయి. తెలుగు చెప్పుకొని బ్రతికినవాడిని గనుక ఆ మాట నన్ను వదలలేదు. అది జనం పాదాలను నిందిస్తుంది. కాని ఇట్టిచోట ఎక్కువమంది మరణించేది కాళ్ళక్రింద పడి కాదు, ఊపిరాడక. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే అడుగు మన వశంలో ఉండదు. జనం నీటివలె అలలుగా కదులుతారు. ముందువారి వీపునకు, వెనుకవారి రొమ్మునకు నడుమ పక్కటెముకలు విచ్చుకోవు. నిలుచున్నవారు నిలుచున్నట్లే పోతారు. (ముంజేతులు రొమ్ముకు అడ్డుగా ఉంచుకొంటే ఊపిరికి కొంత చోటు మిగులుతుంది.) వెనుకనున్నవారికి ఇదేమీ కనబడదు, ఒక్క అడుగే కదా అని జరుగుతారు. పసుపు బస్తాల దొంతర ఒరిగితే మా యార్డులో ఏ బస్తాదీ తప్పనరు, పేర్చినవాడినే అడుగుతారు.

2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై చేరినవారిలో ఆరుగురు పోయారు. అదే ఏడు నవంబరు 1న కాశీబుగ్గ ఆలయంలో తొమ్మిదిమంది. పత్రికలు మరల ఆ మాటే వ్రాశాయి.