వినేవారి స్థానం: తెలుగు మౌఖిక చరిత్ర రచనలో స్త్రీల కథనాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986), దళిత నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని నమోదు చేసిన 'నేనే బలాన్ని' (2011) తెలుగులో మౌఖిక చరిత్ర రచనకు ముఖ్య నిదర్శనాలు. ఈ రెండింటి మధ్యకాలంలో వినేవారి సామాజిక స్థానాన్ని గురించిన ప్రశ్న ఎట్లా ముందుకు వచ్చిందో, నేటి పరిశోధకులకు అది ఎందుకు అవసరమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మౌఖిక చరిత్ర, తెలంగాణ పోరాటం, దళిత స్త్రీలు, ఆధిక్యం, లిఖితీకరణ.

1. ఉపోద్ఘాతం

అణగారిన వర్గాలను 'గొంతులేనివారు' అనడం మన పరిశోధన గ్రంథాలలో పరిపాటి. ఈ మాట సానుభూతితో అన్నదే అయినా వాస్తవాన్ని తలకిందులు చేస్తుంది. వెట్టి గురించి, దొరతనం గురించి, ఇంటా బయటా పడిన బాధల గురించి వారు మాట్లాడుతూనే ఉన్నారు. ఆ మాటలను చరిత్రకు ఆధారంగా పరిగణించే అధికారం మాత్రం చదువు, కులం, పదవి ఉన్నవారి చేతిలో ఉండిపోయింది. కాబట్టి చెప్పేవారిని పరిశీలించినంత శ్రద్ధగా వినేవారినీ పరిశీలించాలి.

2. 'మనకు తెలియని మన చరిత్ర'

1946–51 నాటి తెలంగాణ పోరాటం గురించి నాయకులు విస్తృతంగా రాశారు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన బృహద్గ్రంథంలో స్త్రీల త్యాగాల ప్రస్తావన ఉంది. అయితే అందులో స్త్రీలు ఉద్యమ కథనంలో భాగంగా కనిపిస్తారు. ఉద్యమాన్ని తమ జీవితంలో భాగంగా వారు ఎట్లా చూశారన్నది వేరే ప్రశ్న. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ ప్రశ్నతో బయలుదేరారు. వారు నగరంలో చదువుకున్న, ఎక్కువగా మధ్యతరగతికి చెందిన స్త్రీలు. పోరాటంలో పాల్గొన్నవారి దగ్గరకు వెళ్లి, వారి మాటలను రికార్డు చేసి, 1986లో తెలుగులో ప్రచురించారు. ఆంగ్ల రూపం 1989లో వచ్చింది.

ఈ కథనాలలో వీరగాథకు ఒదగని విషయాలు చాలా ఉన్నాయి. అడవిలో పుట్టిన బిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చిన కమలమ్మ వేదన అటువంటిది. పోరాట విరమణ తరువాత స్త్రీలు తిరిగి ఇంటి పనులకే పరిమితం కావలసి రావడం మరొకటి. ప్రశ్న 'ఏ దాడిలో పాల్గొన్నారు?' అన్నదానితో ఆగిపోతే ఈ సంగతులు బయటికి వచ్చేవి కావు. అడిగే ప్రశ్న మారినప్పుడే దొరికే చరిత్ర మారింది.

ఈ గ్రంథంలోని స్త్రీలందరూ ఒకే సామాజిక స్థానం నుంచి రాలేదన్నది మరొక ముఖ్యాంశం. మల్లు స్వరాజ్యం భూస్వామ్య కుటుంబం నుంచి వచ్చి దళ నాయకురాలైంది. చిట్యాల ఐలమ్మ వెట్టికి గురైన చాకలి కులానికి చెందిన స్త్రీ. పాలకుర్తిలో ఆమె సాగుచేసుకున్న పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని ఎదిరించి నిలిచింది. ఒకరిది తనవారి ఆధిక్యాన్ని వదులుకున్న తిరుగుబాటు, మరొకరిది బతుకుతెరువును కాపాడుకునే తిరుగుబాటు. 'స్త్రీ' అన్న ఒక్క మాటలో ఈ రెండూ ఇమడవు.

3. పేరు, మాట, రాత

ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. ప్రజావ్యవహారంలో మాత్రం ఆమె చాకలి ఐలమ్మ. దొరల ఇంటి స్త్రీని 'దొరసాని' అని గౌరవించిన సమాజమే శ్రమ చేసే స్త్రీని కులవృత్తి పేరుతో పిలిచింది. తరువాతి కాలంలో బహుజన ఉద్యమాలు అదే పేరును ఆత్మగౌరవ చిహ్నంగా స్వీకరించాయి. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒకే మాట ఒకరి నోట చిన్నచూపుగా, మరొకరి నోట హక్కుగా పలుకుతుంది. పరిశోధకుడు ఏ పేరు ఎంచుకున్నా ఈ చరిత్ర తెలిసి ఎంచుకోవాలి.

లిఖితీకరణలోనూ ఇదే సమస్య. పల్లెల్లో ఆంధ్రమహాసభను 'సంగం' అన్నారు. దాన్ని 'సంఘం' అని దిద్దినా, 'ఆంధ్రమహాసభ' అని మార్చినా సమాచారం తప్పు కాదు. కాని రైతుకూలీలు ఆ సంస్థను తమదిగా చేసుకున్న తీరు ఆ దిద్దుబాటులో మాయమవుతుంది. మాండలికాన్ని శిష్టభాషలోకి మార్చడాన్ని భాషాసంస్కరణగా భావించే అలవాటు ఆధిక్యం పనిచేసే పద్ధతులలో ఒకటి.

4. దళిత స్త్రీల ప్రశ్న

స్త్రీవాద సాహిత్యం కులాన్ని, దళిత సాహిత్యం స్త్రీని తగినంత పట్టించుకోలేదని 1990ల నుంచి దళిత రచయిత్రులు ప్రశ్నించారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' 1921–2002 మధ్యకాలపు దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చింది. దళిత స్త్రీలు రాయలేదన్న అభిప్రాయానికి అది ఆధారసహితమైన సమాధానం. రచనలు ఉన్నాయి, వెతికినవారే లేరు.

'నేనే బలాన్ని'లో గోగు శ్యామల సదాలక్ష్మితో జరిపిన సంభాషణల ఆధారంగా ఆమె బతుకుకథను కూర్చారు. శాసనసభ ఉపసభాపతిగా, మంత్రిగా పనిచేసిన నాయకురాలు సదాలక్ష్మి. 1969 తెలంగాణ ఉద్యమంలోను, తరువాత మాదిగ దండోరాలోను పాల్గొన్నారు. దళితులలోనే ఉన్న అంతరాలను గురించి ఇటువంటి నాయకురాలితో మాట్లాడాలంటే, వినే వ్యక్తికి ఆ అంతరాలు అనుభవంలో తెలిసి ఉండడం మేలు చేస్తుంది. అయితే ఒకే సామాజిక నేపథ్యం ఉన్నంత మాత్రాన అన్ని దూరాలూ చెరిగిపోవు. కథను కూర్చేది, ఏది ఉంచాలో తేల్చేది రాసేవారే. అందువల్ల 'ఎవరి గురించి ఎవరు రాయాలి' అన్న చర్చతోపాటు, రాసేవారు తమ నిర్ణయాలను ఎంత బాహాటంగా చెప్పారన్నదీ విచారించాలి.

5. ముగింపు

నేటి సిద్ధాంత గ్రంథాలలో క్షేత్రపర్యటన అధ్యాయం తప్పనిసరి. అందులో వక్త పేరు, వయస్సు, కులం, గ్రామం పట్టికగా ఇస్తాం. పరిశోధకుని కులం, భాష, ఎవరి ద్వారా ఆ ఊరికి చేరిందీ, ఎవరి ఇంట్లో కూర్చుని అడిగిందీ సాధారణంగా రాయం. వాడలోని స్త్రీ ఊరిపెద్ద సమక్షంలో చెప్పిన మాటకు, తన గడపలో చెప్పిన మాటకు తేడా ఉంటుంది. ఆ వివరం లేని పట్టిక అసంపూర్ణం.

వక్తలను 'సమాచారదాతలు' అనడంతోనే జ్ఞానం వారిది కాదు, మనదని తీర్మానించినట్లవుతుంది. రాసిన ప్రతిని వారికి చదివి వినిపించడం, వారు మార్చమన్నదాన్ని మార్చడం, చెప్పవద్దన్నదాన్ని వదిలేయడం పరిశోధన పద్ధతిలో భాగం కావాలి. దానివల్ల కొన్ని మంచి పుటలు పోవచ్చు. కాని చెప్పినవారికి తమ చరిత్రపై హక్కు మిగులుతుంది. మౌఖిక చరిత్ర విశ్వసనీయత ఆ హక్కు మీదే ఆధారపడి ఉంది.