కూలి తగవుకు కొలబద్ద: జొన్నగిరి సీమలో వేతన మధ్యవర్తిత్వం

పనికి తగిన ప్రతిఫలం ఎంతో యజమానికీ పనివాడికీ మధ్య తేలనప్పుడు, ఇరువురికీ సమ్మతమైన మూడో వ్యక్తి రెండు వైపుల వాదనలూ విని మొత్తాన్ని నిర్ణయించే ఏర్పాటును వేతన మధ్యవర్తిత్వం అంటారు. ఆదోని, ఎమ్మిగనూరులకు ఆగ్నేయంగా, పత్తికొండ పరిసరాల్లో ఉన్న జొన్నగిరి సీమలో ఈ ఏర్పాటు పూర్వాపరాలను పరిశీలిస్తే, తీర్పు చెప్పేవారికి చాలావరకు కరువు లేదని తెలుస్తుంది. వారు ఏ కొలబద్దతో కొలిచారు, వారి ఎదుట నిలబడి అడిగే సత్తువ కూలివాడికి ఉండేదా అన్నవే అసలు ప్రశ్నలు.

మౌర్యుల దక్షిణ రాజప్రతినిధి కొలువుతీరిన సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు పండితులు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు వాదించారు. ఆ వాదం ఎటు తేలినా, ఈ ఊరికి చేరువలోనే ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ లఘు శాసనాలూ చెక్కి ఉన్నాయి. 1920ల చివర అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించాడు. వీటిలో పదకొండో శాసనం ధర్మం అంటే ఏమిటో వివరిస్తూ, దాసుల పట్ల, భతకుల పట్ల, అంటే కూలికి కుదిరినవారి పట్ల, సరైన నడవడిని మొదట పేర్కొని, తల్లిదండ్రుల సేవను దాని తర్వాతనే చెబుతుంది. కూలివాడికి అంత ముందు వరుసలో చోటు దక్కడం సామాన్యమైన విషయం కాదు. అయితే ఎంత ఇస్తే అది సరైన నడవడి అవుతుందో ఆ శాసనం చెప్పదు.

ఆ లెక్కను కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. దాని కూర్పు మౌర్యుల కాలానిదా, తర్వాతి శతాబ్దాలదా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేకపోయినా, అందులోని మూడో అధికరణంలో కూలి గురించిన నిబంధనలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ముందుగా జీతం మాట్లాడుకోకపోతే సేద్యగాడికి పంటలో, పశువుల కాపరికి నేతిలో, వ్యాపారంలో పనిచేసేవాడికి అమ్మిన సరుకులో పదో వంతు దక్కాలి. చేతిపనివారు, వైద్యులు, కళాకారులు వంటివారికైతే, అదే తరహా పనివారికి ఇతరత్రా ఎంత ముడుతుందో అంత ఇవ్వాలి, లేదా ఆ పని తెలిసిన నిపుణులు కట్టినంత ఇవ్వాలి. తగవు వస్తే సాక్షుల మాటే ప్రమాణం.

సాటివాడి సంపాదనతో పోల్చి చూసే ఈ సూత్రమే నేడు ఉత్తర అమెరికా ఐస్‌హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ల జీతాల మధ్యవర్తిత్వానికి ఆయువుపట్టు. ఆటగాడూ జట్టూ చెరొక అంకె చెబితే, సమాన స్థాయి ఆటగాళ్ల ఒప్పందాలను ముందుంచుకుని మధ్యవర్తి తనకు సబబని తోచిన మొత్తాన్ని ఖరారు చేస్తాడు. బేస్‌బాల్‌లో 1974 నుంచి నడుస్తున్న పద్ధతిలోనైతే రెండు అంకెల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. జట్టు ఆర్థిక ఇబ్బందులను హాకీ మధ్యవర్తి ముందు సాక్ష్యంగా పెట్టడానికి వీల్లేదు.

కొలబద్దా తీర్పరీ రెండూ లేనిచోట ఏం జరిగిందో ఈ ప్రాంతపు వజ్రాల గనులే చూపిస్తాయి. పదిహేడో శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వర్ణించిన రావల్‌కొండ గనిని కర్నూలు జిల్లాలోని రామళ్లకోటగా కొందరు గుర్తించారు. అక్కడి కూలీకి ఏడాదికి మూడు వరహాలే దక్కేవనీ, పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగిస్తే తలపాగాకు సరిపడే గుడ్డ, దానితో పాటు అర వరహానో ఒక వరహానో, అదీ కాకపోతే బియ్యమూ ఒక పళ్లెం చక్కెరా ముట్టేవనీ ఆయన రాశాడు. కడుపు నిండని ఆ జీతం వల్లనే కూలీలు రాళ్లు దాచుకునేవారని కూడా ఆయనే గమనించాడు. ఆ గుడ్డముక్క కూలి కాదు, దయ. దయను పెంచమని అడిగే హక్కు ఎవరికీ ఉండదు.

1800లో ఈ సీమతో కూడిన దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, ఊరి తగవు ఊరిలోనే తీరాలని గట్టిగా నమ్మాడు. ఆయన ప్రోద్బలంతో వెలువడిన 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు గ్రామ పెద్దను మునసబుగా గుర్తించి, పది రూపాయల లోపు వ్యాజ్యాలను విచారించే అధికారాన్ని, ఉభయులూ ఒప్పుకుంటే వంద రూపాయల దాకా మధ్యవర్తిగా తీర్పు చెప్పే అధికారాన్ని ఇచ్చాయి. ఇరుపక్షాల సమ్మతితో కూర్చునే గ్రామ పంచాయతీకి ఆ పరిమితి కూడా లేదు. మన్రో 1827 జులై 6న కలరా సోకి పత్తికొండలోనే కన్నుమూశాడు. ఆయన ఉద్దేశం మంచిదే అయినా, ఊళ్లో మునసబు చాలాచోట్ల పెద్ద భూస్వామి కూడా అయినప్పుడు, అప్పుకింద ఏడాది జీతానికి కుదిరి ధాన్యం రూపంలో కూలి పుచ్చుకునే జీతగాడి సమ్మతిని నిజమైన సమ్మతిగా లెక్కించడం కష్టం.

పట్టణాల్లో పరిస్థితి కొంత మారింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంలో నేతగాడు కూలి తీసుకునేవాడే కాక సంఘ సభ్యుడు కూడా కావడంతో, మగ్గం కూలి గురించి నోరు విప్పే చోటు అతనికి దొరికింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1956లో చేర్చిన 10ఎ సెక్షన్ ప్రకారం, ఆదోని పత్తి మిల్లుల వంటి చోట్ల యజమానులూ కార్మికులూ రాతపూర్వకంగా ఒప్పుకుని తమ తగవును మధ్యవర్తికి అప్పగించే వీలుండేది. 1948లో ఏర్పడిన న్యాయ వేతనాల కమిటీ కూడా ఆ చుట్టుపక్కల ఆ పనికే ఇస్తున్న కూలిని ఒక కొలమానంగా తీసుకుంది. పరిశ్రమ చెల్లింపు శక్తిని న్యాయ వేతనం దగ్గర లెక్కలోకి తీసుకోవచ్చు గానీ, కనీస వేతనం దగ్గర ఆ సాకు చెల్లదు.

పొలాల్లోని జీతగాడికి ఈ మధ్యవర్తిత్వ సదుపాయం అందలేదు. అతని మేలు కోరి వచ్చింది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. బలవంతపు చాకిరీ రూపాల పట్టికలో జీతం, పాలేరు, వెట్టి అన్న పేర్లను అది నేరుగా చేర్చింది. పనివాడు తన బాకీ వెట్టి బాకీ అని చెబితే, కాదని రుజువు చేయవలసిన భారాన్ని అప్పు ఇచ్చినవాడి మీదనే పెట్టింది.