మర్లవాయి నుంచి కరోనా దాకా: మన ఊరి సారు కథ



 పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి, ఎందుకంటే చివర్ల మీతోని ఒక పని ఉంది.

మేం ముగ్గురం కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నం. ముగ్గురిదీ ఉట్నూర్ ఏజెన్సీ. ముగ్గురి ఇండ్లల్ల కూడా కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న సెలవులకు ఊరికి పోయినప్పుడు మా చిన్నప్పటి సారును కలిసినం. మాటల్ల మాటగా కరోనా టైంలో రాసుకున్న నోట్‌బుక్ తీసి చూపించిన్రు. అది చదివినంక మాకు ఒకటి అనిపించింది. కుమ్రం భీం చరిత్ర చెప్తం, ఇంద్రవెల్లి చరిత్ర చెప్తం. మనకు అక్షరాలు నేర్పినోళ్ల చరిత్ర మాత్రం ఎవరం చెప్పం. అందుకే ఈ పోస్టు.

ముందు మా బ్యాచ్ ముచ్చట. 2020 మార్చిలో మేం ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి. మార్చి 19న పరీక్షలు మొదలైనయి. రెండు తెలుగు పేపర్లు అయినయి. 21న ఇంగ్లీష్ మొదటి పేపర్ రాసి బయటికొస్తే, హైకోర్టు చెప్పింది, మిగతా పరీక్షలు వాయిదా, ఇండ్లకు పోండి అన్నరు. పెట్టెలు నెత్తిన పెట్టుకుని బస్సు ఎక్కినం. తెల్లారి జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. జూన్ 8న పరీక్షలే రద్దు చేసి, రాష్ట్రంలో 5 లక్షల 34 వేల మందికి పైగా పిల్లలను పాస్ చేశారు. మూడు పేపర్లతో పది పాసైన బ్యాచ్ మాది. ఇప్పటికీ ఎవరన్నా "మీరు కరోనా బ్యాచ్ కదా" అంటే నవ్వుతం గానీ లోపల కొంచెం కలుక్కుమంటది.

ఊరికి పోయేసరికి పొలిమేరలో కంప అడ్డం పెట్టి ఉంది. మనోళ్లు చాలా ఊర్లల్ల అట్లనే చేసుకున్నరు. బయటోళ్లు లోపలికి రావద్దు, లోపలోళ్లు బయటికి పోవద్దు. పేపర్లు దాన్ని వింతగా రాసినయి గానీ, మా అవ్వకు అది వింత కాదు. "మా చిన్నప్పుడు గత్తరొస్తే ఊరిడిసి అడవిల గుడిసెలేసుకున్నం" అని చెప్పింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు మన దేశంలో కోటి మందికి పైగా చచ్చిపోయారని పుస్తకాలల్ల చదివినం. అప్పుడు మన గూడేలల్ల ఎంతమంది పోయిన్రో అవ్వలు, తాతలు చెప్పిందే చరిత్ర. రాసి పెట్టేటోడు మనలో లేడు. సారు నోట్‌బుక్ చూసినప్పుడు మాకు ముందు తట్టింది అదే. ఈసారి రాసేటోడు ఒకడన్నా ఉన్నడు.

సారుది ఇదే ఊరు. మనోడే, మన భాషే. ఊరి బడిలో ఒక్కడే టీచర్. పెద్దోళ్లు గురూజీ అంటరు, మేం సారు అంటం. లాక్‌డౌన్ పడ్డప్పుడు ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారక ముందే పిల్లలు గంపలు పట్టుకుని అడవికి పోయేటోళ్లు. బడి బంద్, పాఠాలు బంద్. సారు పది రోజులు చూసిన్రు. పదకొండో రోజు పిల్లల వెనుక తాను కూడా అడవికి పోయిన్రు. పువ్వు ఏరుకుంట ఎక్కాలు, ఇంటికొచ్చినంక తూకం. పచ్చి పువ్వు మూడు కిలోలు ఎండబోస్తే ఎంత మిగిలింది, అంగట్ల ఎంత వస్తది, షావుకారు ఎంత కొట్టేస్తడు. లెక్కలన్నీ పిల్లలతోనే చేయించిన్రు. బడిలో భాగహారం రాని పిల్లగాడు పువ్వు పైసల కాడ టకటక చెప్పిండని సారు నోట్‌బుక్‌లో రాసుకున్నరు. దాని కింద ఇంకో లైను: ఇన్నేండ్లు వీనికి లెక్క రాదనుకున్న, నా ప్రశ్నే వీనికి అర్థం కాలేదు.

మమ్మల్ని, అంటే పది రాసి ఖాళీగ ఉన్నోళ్లను పిలిచి తలా ఐదుగురు పిల్లలను అప్పగించిన్రు. చెట్టు కింద దూరం దూరం కూసోబెట్టుడు, ముఖానికి తువ్వాల కట్టించుడు, చేతులు కడిగించుడు మా పని. తెలుగులో "నీళ్లు" అని రాసి, పక్కన మన మాట "ఏర్" అని రాసి నేర్పినం. ఆ టైంలోనే గురుకులాల్లో కూడా విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్ అని పెట్టి, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చదువు చెప్పించిన్రు. జార్ఖండ్‌లో దుమ్కా జిల్లా డుమర్థర్ అనే ఊర్లో అయితే ఇంటి గోడలకే నల్ల బోర్డులు గీసి, పిల్లలను ఎవరింటి ముందు వాళ్లను కూసోబెట్టి పాఠాలు చెప్పిన్రు. అంటే మా సారు ఒక్కరే కాదు, దేశంలో చాలా చోట్ల టీచర్లు సొంతంగ తొవ్వ వెతుక్కున్నరు.

సర్కారు కూడా ప్రయత్నం చేయలేదని అనం. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో 3 నుంచి 10 తరగతుల పిల్లలకు పాఠాలు మొదలైనయి. అసర్ సర్వే ప్రకారం దేశంలో బడి పిల్లల ఇండ్లల్ల స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. లెక్క చూస్తే బాగనే ఉంది. మా ఊర్లో మాత్రం ఫోన్ ఉన్నోడికి సిగ్నల్ లేదు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కితే డేటా లేదు. టీవీ ఉన్న ఇల్లు ఉన్నా వాన పడితే కరెంటు ఉండదు. అన్నీ ఉన్నాయే అనుకుందాం. మూడో తరగతి పిల్లకు టీవీల టీచర్ మాట్లాడే తెలుగు అందదు. మధ్యల ఆపి "సార్, ఆ మాటకు అర్థమేంది" అని అడగరాదు కదా. ప్రపంచం మొత్తం మీద 190కి పైగా దేశాల్లో 160 కోట్ల మంది పిల్లల చదువు ఆగిందని ఐక్యరాజ్యసమితి చెప్పింది. ఆ లెక్కలో మన గూడెం పిల్ల కూడా ఒకటే. కానీ ఆమెకు ఆగింది ఆన్‌లైన్ క్లాసు కాదు, తన భాషలో మాట చెప్పే మనిషి.

ఇక్కడే చరిత్ర అవసరం పడ్తది.

1940లో జోడేఘాట్‌లో భీం అమరుడైనంక, నిజాం సర్కారు మన గూడేల కష్టాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నరు. 1943లో అదే మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతులును తెస్తే అడవిలో నిలువడు, ఉన్నా భాష రాదు. కాబట్టి కొంచెం అక్షరం ముక్క వచ్చిన గోండులనే తెచ్చి, శిక్షణ ఇచ్చి, ఊర్లకు టీచర్లుగా పంపిన్రు. గోండి భాషలోనే వాచకాలు తయారైనయి, దేవనాగరి లిపిలో. ఎందుకంటే అప్పుడు మన దగ్గర మరాఠీ తెలిసినోళ్లే ఎక్కువ. గోండి నేర్చుకుని వ్యాకరణం కూడా రాసిన అధికారి సేతుమాధవరావు పగడి లాంటోళ్లు ఆ కాలంలనే పని చేసిన్రు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి బడి భాష తెలుగైంది. గోండి వాచకాలు పక్కకు పోయినయి. ఎలిజబెత్ 1987లో చనిపోతే మర్లవాయిలోనే సమాధి చేసిన్రు. 2012లో హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా తెచ్చి ఆమె పక్కనే పెట్టిన్రు. 2021లో పద్మశ్రీ వచ్చిన గుస్సాడి కనకరాజుది కూడా అదే మర్లవాయి. మనం సెల్ఫీలు దిగే ఆ ఊరే మన మొదటి సార్లు తయారైన ఊరు.

తర్వాత ఏమైంది? ఏజెన్సీ బడులకు బయటి నుంచి పోస్టింగులు వచ్చేటివి. టీచర్లు సరిగ్గ రాకపోవుడు పెద్ద సమస్య అయింది. 1986లో జీఓ 275 వచ్చింది, కోర్టుల చుట్టూ తిరిగి నిలువలేదు. 2000 జనవరి 10న జీఓ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్లకు. మా సారు అట్లనే ఉద్యోగంలోకి వచ్చిన్రు. మర్లవాయిలో 1943లో ఏం ఆలోచించిన్రో, జీఓ 3లో ఉన్నది దాదాపు అదే ఆలోచన.

2020 ఏప్రిల్ 22న, మేం చెట్టు కింద పిల్లలకు ఎక్కాలు చెప్తున్న రోజుల్లోనే, సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం జీఓ 3ను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమన్నది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనే ఆలోచననే తప్పుపట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలకు 5 లక్షల ఖర్చులు వేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నోళ్లను మాత్రం కదిలించలేదు. లాక్‌డౌన్‌ల ఉన్నం, ర్యాలీ తీసేదెట్ల, ఉట్నూర్ పోయేదెట్ల? సారుకు గుట్ట మీద సిగ్నల్ దొరికినప్పుడు ఈ వార్త తెలిసింది. దిగొచ్చి ఆ రోజు పాఠం చెప్పలేదు. నోట్‌బుక్‌లో ఆ తారీఖు కింద రెండే ముక్కలు ఉన్నయి. నా ఉద్యోగం ఉంటది. నా తర్వాత ఈ చెట్టు కింద ఎవరు కూసుంటరు?

మేం అడిగినం, "సార్, వేరేటోళ్లు వస్తే చదువు చెప్పరా?" అని. సారు కోపానికి రాలే. "ఎందుకు చెప్పరు? నాకు ఇంగ్లీష్ నేర్పిన సారు కరీంనగరాయన. మన భాష నేర్చుకుని మరీ చెప్పిండు. మనోళ్లల్ల కూడా జీతం తీసుకుని బడికి రానోడు ఉన్నడు, అది కూడా రాయి" అన్నరు. అందుకే రాస్తున్నం. కులం చూసి సారు మంచోడు కాడు. కానీ రోడ్డు బంద్ అయి, బస్సు బంద్ అయి, ఫోన్ బంద్ అయిన రోజు ఊర్లో ఉన్న సారే సారు. కరోనా మాకు నేర్పిన పాఠం ఇది. కోర్టు ముందు ఈ ముచ్చట ఎవరన్నా చెప్పిన్రో లేదో గానీ, మా కండ్లతో చూసినం కాబట్టి మేం చెప్తున్నం.

సారు ఇంకో బాధ కూడా రాసుకున్నరు. ఆయనతోని చదువుకున్న దోస్తు ఒకాయన కరీంనగర్‌లో ఒక ప్రైవేట్ బడిలో చెప్పేటోడు. బడి మూతపడ్డంక జీతం ఆగింది. ఉపాధి హామీ పనికి పోయిండు, కొన్ని రోజులు కూరగాయలు అమ్మిండు. రాష్ట్రమంతటా అట్లాంటి టీచర్లు ఎందరో. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేట్ టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం సర్కారు ఇచ్చింది. అప్పటికి బడులు మూతపడి ఏడాది దాటింది. "నాకు నెల నెలా జీతం పడుతుంటే వాడికి ఫోన్ చేయాలంటే సిగ్గయింది" అని సారు రాసుకున్నరు. సాయం చేసిన్రా అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక చదువుకునుడు. సారు దగ్గర ట్రంకు పెట్టె నిండ పాత పుస్తకాలు. సాయంత్రం పూట అల్లం రాజయ్య, సాహు రాసిన "కొమురం భీం" నవల గట్టిగ చదివేటోళ్లు. 1983లో వచ్చిన పుస్తకం, అట్టలు ఊడిపోయి ఉండె. పెద్దోళ్లు కూడా వచ్చి కూసునేటోళ్లు. "అట్ల కాదు, మా తాత వేరే తీరు చెప్పిండు" అని మధ్యల ఆపేటోళ్లు. సారు ఆ మాటలు పుస్తకం అంచుల మీద పెన్సిల్‌తో రాసుకున్నరు. మాకు తెలిసి మా ఊర్లో పుస్తకం చుట్టూ జనం కూసున్నది అదే మొదటిసారి.

అంతా మంచిగనే అయిందని అనుకోకండి. 2021 ఫిబ్రవరి 1న బడులు తెరిచిన్రు, మార్చి 24న మళ్లీ మూసిన్రు. సెప్టెంబర్ 1న మామూలు బడులు తెరిస్తే, గురుకులాలు, హాస్టళ్లు తెరవొద్దని హైకోర్టు చెప్పింది. అక్టోబర్‌లో గానీ అనుమతి రాలేదు. హాస్టల్ లేకుంటే చదువే లేని మనలాంటోళ్లకు ఆ రెండు నెలలు చాలా ఖరీదైనయి. మా ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు ఆ అక్టోబర్‌లోనే పెట్టిన్రు. డిసెంబర్‌లో ఫలితాలు వస్తే పాసైంది 49 శాతమే. లొల్లి అయినంక ఫెయిలైనోళ్లందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేసిన్రు. మా ఊరి నుంచి పది రాసినోళ్లం ఏడుగురం. కాలేజీ దాకా వచ్చింది ముగ్గురం. ఒకడు పత్తి మిల్లులో ఉన్నడు, ఇద్దరు వ్యవసాయంలో ఉన్నరు. ఒక చెల్లెకు ఆ ఎండకాలమే పెండ్లి చేసిన్రు. మాకంటే ఆమెనే మంచిగ చదివేది. చెట్టు కింద ఆమెకు అప్పగించిన ఐదుగురు పిల్లలే ముందుగ చదవడం నేర్చుకున్నరు. సారు నోట్‌బుక్‌లో ఆమె పేరు చుట్టూ గీత గీసి ఉంది, పక్కన ఏమీ రాయలేదు.

2024లో రాష్ట్రంలో 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ వచ్చింది. మన ఏజెన్సీ బడులకు ఇప్పుడు జీఓ 3 లేదు. కొత్త చట్టం కావాలని అడుగుడు, ఐదో షెడ్యూల్ కింద ఏం చేయవచ్చో పెద్దోళ్లతోని మాట్లాడుడు ఒక పని. దానికి సంఘాలు ఉన్నయి. మేం చెప్పే పని చిన్నది, మనం చేయగలిగేది.

ఒకటి, మీ ఊర్ల మొదటి సారు ఎవరో కనుక్కోండి. మర్లవాయిలో శిక్షణ తీసుకున్న తాతల ఇండ్లు ఇంకా మన మధ్యలనే ఉంటయి. పేరు, ఊరు, ఎన్నేండ్లు చెప్పిండు, పెద్దోళ్లు ఏం చెప్తరు, ఇంటోళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే కింద రాయండి. రెండు, కరోనాల మీ ఊర్ల పిల్లలకు ఎవరు చదువు చెప్పిన్రో రాయండి, టీచర్ కాకపోయినా సరే. మూడు, సెలవులకు పోయినప్పుడు రోజుకు ఒక్క గంట ఐదుగురు పిల్లలను కూసోబెట్టుకోండి.

మాలో ఇద్దరం డిగ్రీ అయినంక బీఈడీ ఎంట్రెన్స్ రాద్దామనుకుంటున్నం. ఈ మాట సారుకు చెప్తే ఏమన్లేదు. లోపలికి పోయి, మాకు ఆ ఎండకాలం ఇచ్చిన అదే నల్ల బోర్డు, మూల పగిలింది, తెచ్చి చేతిల పెట్టిన్రు. ఇప్పుడు అది హాస్టల్‌ల మా మంచం కింద ఉంది.

జై సేవా. జోహార్ మన గురూజీలకు.