మంద్రస్థాయిలో నాలుగు తంత్రులు

కచేరీ విని ఇంటికి వచ్చినవారిని ‘ఎవరి పాట?’ అని అడిగితే గాయకుని పేరు చెబుతారు. ఇంకొంచెం శ్రద్ధ గలవారు వయొలిన్, మృదంగ విద్వాంసుల పేర్లు కూడా చెబుతారు. వెనుక కూర్చుండి మూడు గంటల సేపు నాలుగు తీగెలను ఒకే వరుసలో మీటిన తంబురా కళాకారుని పేరు చెప్పగలిగినవారు అరుదు. ప్రసారం ముగింపులో పక్కవాద్యాలవారి పేర్లు చదువుతూ, కాలం చాలదనే నెపంతో ఆ చివరి పేరును నేనూ ఒకటి రెండు మార్లు విడిచిపెట్టినవాణ్ణే. ఆ తప్పు మనస్సులో ఉండబట్టే కాబోలు, పాశ్చాత్యుల జనరంజక సంగీత చరిత్ర చదువుతున్నప్పుడు నా చూపు ముందు నిలిచిన గాయకుల మీద కంటె, వెనుక బాస్ గిటారు పట్టుకొని నిలుచున్న మనిషి మీదనే ఎక్కువగా నిలిచింది.

అటువంటివారిలో ఒకడు స్టూవర్ట్ సట్‌క్లిఫ్. బీటిల్స్ బృందానికి ప్రపంచఖ్యాతి రాకపూర్వం, సుమారు ఏడాదిన్నర పాటు, ఆ బృందంలో మంద్రస్వరాలు పలికించినవాడు. అప్పటికి వారు సొంత పాటలతో పేరు పొందినవారు కారు. అమెరికా నుంచి వచ్చిన గ్రామఫోను రికార్డుల పాటలను యథాశక్తి అనుకరించి పాడే కుర్రవాళ్ళు. సట్‌క్లిఫ్‌కు వాయించడమే రాదన్న మాట అరవై ఏళ్ళకు పైగా పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతూ వస్తున్నది. ఆ మాటను ఒక్కసారి సాక్ష్యాల ముందు నిలబెట్టి చూడవలెనని నా కోరిక.

దానికి ముందు ఆ వాద్యం చేసే పని ఏమిటో కొంచెం తెలియాలి. మన తంబురా షడ్జ పంచమాలను వదలదు. రాగం ఎంత దూరం విహరించినా కింది నేల మారదు. పాశ్చాత్యుల పద్ధతి వేరు. మూడు నాలుగు స్వరాలను ఒక్కుమ్మడిగా పలికించే స్వరకూటాలు వారికి ఉన్నవి, వాటిని కార్డులంటారు. పాట సాగినకొద్దీ ఒక కార్డు నుంచి ఇంకొక కార్డుకు నేల జరుగుతూ ఉంటుంది. ఆ జరుగుబాటును చెవికి తెలిపేది అన్నిటికంటె అడుగున పలికే స్వరం. గిటారు వాయించేవాడు ఒక స్వరం జారవిడిస్తే విన్నవాడు క్షమిస్తాడు. అడుగు స్వరం తప్పితే, ఏది తప్పిందో తెలియకపోయినా, పాట మొత్తం ఒరిగినట్లు తోస్తుంది.

ఒకే చిన్న స్వరపంక్తిని అడుగున మళ్ళీ మళ్ళీ పలికించి పైన పాటను కట్టే పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లీషువారు దానికి ‘గ్రౌండ్’ అని, అంటే నేల అని, పేరు పెట్టారు. ఇటలీ దేశపు మోంటెవెర్డీ 1638లో అచ్చయిన సంపుటంలో ఒక వనదేవత విలాపాన్ని కేవలం నాలుగు దిగుడు స్వరాల మీద నిలిపాడు. ఆ శతాబ్ది చివరలో ఇంగ్లండు దేశీయుడు పర్సెల్, తన సంగీత నాటకంలో డైడో రాణి మరణ విలాపానికి అదే ఉపాయం చేశాడు. కింద స్వరాలు దిగుతూనే ఉంటవి, పైన రాణి దుఃఖం పెరుగుతూనే ఉంటుంది. జర్మనీ దేశీయుడు పాకెల్‌బెల్ రచించిన ‘కానన్’ మరీ విచిత్రం. మూడు వయొలిన్లు పైన ఒకదానిని ఒకటి తరుముకుంటూ ఉండగా, కింద చెల్లో వాద్యకారుడు ఎనిమిదే స్వరాలను 28 మార్లు, ఒక్క అక్షరం మార్చకుండా, వాయించాలి. ఆ రచనను గురించి చెల్లో వాయించేవారు నేటికీ హాస్యాలాడుకుంటారు. అయినా ఆ ఎనిమిది స్వరాలు లేనిదే పై మూడు వయొలిన్లకు నిలువ నీడ లేదు.

అమెరికాలో నీగ్రో జాతిగా అప్పట్లో పిలువబడిన ప్రజల ‘బ్లూస్’ పాటలలో ఈ సంగతి ఇంకా సరళమైన రూపం పొందింది. పన్నెండు ఆవర్తనాలు, మూడు కార్డులు: మొదటి నాలుగు ఆవర్తనాలు షడ్జం మీద, తరువాత రెండు మధ్యమం మీద, మళ్ళీ రెండు షడ్జం మీద, పిమ్మట పంచమం, మధ్యమం మీదుగా షడ్జానికి తిరుగుముఖం. రాక్ అండ్ రోల్ అనే సంగీతంలో సగానికి సగం ఈ చట్రంలోనే ఉన్నది. బాస్ వాయించేవాడు ఈ మూడు స్వరాలు తెలుసుకొని, ఎక్కడ మారవలెనో గుర్తుంచుకొంటే ఆనాటి పాటలు వందకు పైగా వాయించవచ్చు. వాయించవచ్చునన్న మాటకూ, బాగా వాయించడానికీ మధ్య దూరం ఎంతో మాత్రం మన తంబురా కళాకారులను అడిగితే తెలుస్తుంది.

ఆ పనికి పూర్వం వాడినది మనిషెత్తు ఉండే డబుల్ బాస్. దానిని ఊరూరా మోయడం ఒక బాధ, విద్యుత్ గిటార్ల హోరులో అది వినబడకపోవడం మరొక బాధ. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ అనే ఆయన, భుజానికి తగిలించుకొనే విద్యుత్ బాస్ గిటారును బజారులోకి తెచ్చాడు. మన వీణకు వలె దానికి మెట్లున్నవి. మెట్టు వెనుక వేలు వేస్తే స్వరం తప్పదు. అందుకే దానికి ‘ప్రెసిషన్’ అని పేరు. తంత్రులు నాలుగే. అన్నిటికంటె లావైన తంత్రి క్షణానికి సుమారు 41 మార్లు కంపిస్తుంది. డబుల్ బాస్‌కు ఏళ్ళ తరబడి సాధన కావాలి. గిటారు కొంచెం తెలిసినవాడు ఈ కొత్త వాద్యం మీద కొద్ది నెలలలో పని నెట్టుకురాగలడు. అనేక దేశాలలో కుర్రవాళ్ళ బృందాలు పుట్టుకురావడానికి ఈ సౌకర్యం ఒక కారణం.

సట్‌క్లిఫ్‌కు గిటారు కూడా అంతంతమాత్రమే. అతడు చిత్రకారుడు. 1940లో ఎడిన్‌బరోలో పుట్టి, లివర్‌పూల్ చిత్రకళాశాలలో జాన్ లెనన్‌తో కలిసి చదివాడు. ఆ నగరంలోని వాకర్ చిత్రశాలలో 1959 చివర జరిగిన జాన్ మూర్స్ ప్రదర్శనలో అతని చిత్రం ఒకటి చోటు చేసుకొన్నది. మూర్స్ గారే దానిని 65 పౌండ్లకు కొన్నారు. విద్యార్థికి అది పెద్ద సొమ్ము. రంగులూ గుడ్డలూ కొనుక్కోవలసిన ఆ పిల్లవాణ్ణి మిత్రుడు లెనన్ ఒప్పించి బాస్ గిటారు కొనిపించాడు. లెనన్, మెకార్ట్నీ, హారిసన్ ముగ్గురూ గిటారు వారే. నాలుగవ వాద్యాన్ని చేపట్టడానికి వారిలో ఎవరికీ మనసు లేదు. బాస్ అనేది వెనుక నిలబడే లావుపాటివాడి వాద్యమని తాము భావించేవారమని మెకార్ట్నీ తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పుకొన్నాడు. 1960 ప్రారంభంలో, హోఫ్నర్ కంపెనీవారి పెద్ద బాస్ గిటారు ఒకటి, పొట్టిగా సన్నగా ఉండే సట్‌క్లిఫ్ మెడలో పడింది.

ఆ సంవత్సరం ఆగస్టు 17న వారు జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో, ‘ఇంద్ర’ అనే పేరు గల ఒక వినోదశాలలో వాయించడం ప్రారంభించారు. ఓడరేవు వీధి, శ్రోతలు నావికులు, తాగుబోతులు. పని దినాలలో రాత్రికి నాలుగున్నర గంటలు, శని ఆదివారాలలో ఆరు గంటలు వాయించాలని ఒడంబడిక. నలభై ఎనిమిది రాత్రుల తరువాత వారిని ‘కైజర్‌కెల్లర్’ అనే మరింత పెద్ద శాలకు మార్చారు. అక్కడ నవంబరు చివరి దాకా యాభైకి పైగా రాత్రులు. అన్ని గంటలు నింపడానికి పాటలు చాలేవి కావు. చక్ బెరీ, లిటిల్ రిచర్డ్, కార్ల్ పెర్కిన్స్ వంటివారి పాటలన్నీ అయిపోయిన పిమ్మట, ఉన్నవాటినే సాగదీయవలసి వచ్చేది. రే చార్ల్స్ 1959లో రికార్డు చేసిన ‘వాట్డ్ ఐ సే’ అందుకు కల్పవృక్షం వంటిది. ఆ పాట నడక ఒక చిన్న స్వరపంక్తి మీద తిరుగుతూ ఉంటుంది. ఎక్కడనైనా ఆపవచ్చు, ఎంతసేపైనా ఆపకుండా ఉండవచ్చు. గాయకులు అలసి దిగిపోయి, ఒక గుక్క తాగి, మళ్ళీ ఎక్కి వచ్చేదాకా డ్రమ్ములూ బాసూ ఆగడానికి వీలు లేదు.

నేనొక లెక్క వేసి చూశాను. నిమిషానికి 160 దెబ్బల నడక, దెబ్బకు ఒక స్వరం అనుకొంటే, నాలుగున్నర గంటలకు నలభై మూడు వేల స్వరాలు. పాటకూ పాటకూ మధ్య సందు ఉదారంగా తీసివేసినా ముప్పయివేలకు తగ్గవు. వాటిలో అత్యధిక భాగం ఏ కార్డుకు ఆ కార్డు ఆధారస్వరమే. విద్వత్తు వెదికేవారికి ఇందులో ఏమీ దొరకదు. గొడ్డుచాకిరీ వెదికేవారికి కావలసినంత దొరుకుతుంది. లావైన ఉక్కు తీగెల మీద కొత్తవాడి వేళ్ళు ఏమయి ఉంటవో చెప్పనవసరం లేదు.

ఇక సాక్ష్యాలు. అతని వాయింపు అంటూ జనం వినగలిగినది 1960లో, హాంబుర్గ్‌కు పోకముందు, మెకార్ట్నీ ఇంటిలో ఒక సాధారణ టేపు యంత్రం మీద పట్టుకొన్న అభ్యాసం. దానిలోని మూడు పాటలు 1995లో వెలువడిన ‘ఆంథాలజీ’ మొదటి సంపుటంలో ఉన్నవి. అక్కడ బాస్ బలహీనంగానే ఉన్నది, నిజమే. కాని, వాద్యం చేతికి వచ్చి నెలలు మాత్రమే అయినవాడు ఇంట్లో చేసిన సాధన అది. ఆ తరువాత గడిచిన నూరు రాత్రుల పని ఏ టేపు మీదా లేదు. అ ఆలు దిద్దిన పలకను చూసి మనిషి దస్తూరీని నిర్ణయించడం ఏ న్యాయం?

రెండవది, పరీక్షలో ఓడిన కథ. 1960 మేలో లారీ పార్న్స్ అనే వ్యాపారి ముందు వారు వాయించినప్పుడు, సట్‌క్లిఫ్‌ను తొలగిస్తేనే పని ఇస్తానని ఆయన అన్నట్లు ఆనాటి వారి వ్యవహర్త ఆలన్ విలియమ్స్ చెబుతూ వచ్చాడు. పార్న్స్ మాత్రం తరువాత దానిని కాదన్నాడు; తనకు నచ్చనిది డ్రమ్ములవాడి సంగతి అన్నాడు. ఆ పరీక్ష తరువాత కొద్ది రోజులకే అదే బృందం, సట్‌క్లిఫ్‌తో సహా, జానీ జెంటిల్ అనే గాయకునికి పక్కవాద్యంగా స్కాట్లండు పర్యటనకు వెళ్ళింది. ఇది విలియమ్స్ కథకు అనుకూలించే సంగతి కాదు. మెకార్ట్నీ అతని వాయింపును తప్పుపట్టేవాడన్నది నిజమే. అయితే ఆయన చెవి సామాన్యమైన చెవి కాదు. దానితో కొలిస్తే లోకంలో చాలామంది వాద్యకారులు నిలవరు.

మూడవ సాక్ష్యం నాకు అన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది. కైజర్‌కెల్లర్‌లో వారిని విన్న స్థానిక యువకుడు క్లౌస్ ఫోర్‌మాన్. అతడూ చిత్రకారుడే. అటుపిమ్మట తాను కూడా బాస్ వాద్యకారుడై, పెద్ద పెద్ద రికార్డులలో వాయించి వృత్తిలో పేరు పొందాడు. సట్‌క్లిఫ్ వాయింపు చాలా సరళమైనదే గాని, ఆ సంగీతానికి అది చక్కగా అమరినదని అతడు మెచ్చుకొన్నాడు. ఆ చాకిరీ ఎటువంటిదో ఎరిగినవాడి మాట అది.

నా అభిప్రాయం అడిగితే, సట్‌క్లిఫ్ గొప్ప వాద్యకారుడు కాడు. కావలెనని అతడు కోరుకొన్నట్లు కూడా లేదు. మిత్రుని కోసం ఒక ఖాళీ చోట నిలబడ్డాడు. ఆ చోటుకు కావలసిన పని చేశాడు. 1961లో హాంబుర్గ్‌లోనే చిత్రకళాశాలలో చేరి, ఎడ్వార్డో పవోలోజీ అనే ప్రసిద్ధ శిల్పి వద్ద శిష్యుడయ్యాడు. బాస్‌ను మెకార్ట్నీకి ఎరువిచ్చాడు. తంత్రుల వరుస మార్చరాదని షరతు. మెకార్ట్నీ ఎడమచేతి వాటం మనిషి. పాపం, తలకిందులుగా వాయించుకోవలసి వచ్చింది. కొంతకాలానికి ఆయన వయొలిన్ ఆకారపు హోఫ్నర్ ఒకటి సుమారు ముప్పయి పౌండ్లకు కొనుక్కొన్నాడు. రెండు వైపులా ఒకే తీరుగా ఉండే ఆ వాద్యం ఎడమచేతికి తిప్పినా వికారంగా కనబడదు.

ఆ మెకార్ట్నీ కూడా మొదట నడిచినది ఇతరుల పాటల బాటనే. 1963 మార్చిలో వెలువడిన వారి మొదటి ఎల్పీ రికార్డులో పద్నాలుగు పాటలుంటే ఆరు ఇతరులవి. మొదటి పాట ‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’ వారి సొంతమే. కాని దాని బాస్ స్వరాలను చక్ బెరీ పాట ఒకదాని నుంచి ఉన్నవి ఉన్నట్లుగా తీసుకొన్నానని మెకార్ట్నీ దాపరికం లేకుండా చెప్పాడు.

ఇంతకూ, ఆ రికార్డును రేడియోలో వినే ఇళ్ళవారికి ఆ స్వరాలు ఏ మాత్రం చేరేవన్నది వేరే ప్రశ్న. అరచేతి వెడల్పు ఉండే చిన్న స్పీకరు 41 కంపనాల స్వరాన్ని పలకలేదు. అయినా మనకు బాస్ విన్నట్లే ఉంటుంది. మూలస్వరంతో పాటు పుట్టే పై అనుస్వరాలను పట్టుకొని, వినబడని మూలాన్ని మన చెవి తానే పూరించుకొంటుంది. తంబురాలో ఎవరూ మీటని గాంధారం స్వయంభువుగా వినబడడం మనవారు ఎరిగినదే. ఇక్కడ పై స్వరాలనుబట్టి కింది స్వరం తోస్తుంది. ఇంట్లో పెద్ద చెక్కపెట్టె రేడియో ఉన్నవారు దాని పక్కను అరచెయ్యి ఆనించి చూస్తే, చెవికి అందనిది చేతికి అందుతుంది.

సట్‌క్లిఫ్ 1962 ఏప్రిల్ 10న మెదడులో రక్తస్రావం వల్ల హాంబుర్గ్‌లో మరణించాడు. అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. మిత్రులు కొత్త ఒప్పందం మీద ఆ నగరానికి వచ్చి దిగినది మరునాడు. 1967లో వారి ‘సార్జెంట్ పెపర్’ రికార్డు అట్ట మీద నిలిపిన అనేకుల ముఖాలలో అతని ముఖం ఎడమ అంచున ఉన్నది. వెతికితే గాని కనబడదు. ఫోర్‌మాన్ మాత్రం 1971లో లెనన్ ‘ఇమాజిన్’ పాడినప్పుడు వెనుక బాస్ వాయించాడు. ఆ పాటలోనూ అతని స్వరాలు చాలా కొద్ది.