చిల్లు కానీకి ధర కట్టడం ఎలా?

మా పెద్దనాన్న ఇనప్పెట్టె అడుగున ఒక గుడ్డసంచీ ఉండేది. నిండా పాత చిల్లర. పోయిన దసరాకి వెళ్తే దాన్ని నా ముందు కుమ్మరించి, "ఇందులో ఎన్ని లక్షలున్నాయో చూసిపెట్టరా" అన్నాడు. వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ళకి లక్షలిస్తారని ఎవరో ఫోన్లో వీడియో చూపించారట. అప్పటికే 'రిజిస్ట్రేషన్' కింద రెండు వేలు పంపేశాడు కూడా. తన పేరు చెప్పి పాత నాణేలకి ఫీజులడిగేవాళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ వైష్ణోదేవి నాణెం 2012 నాటిది, నిన్న మొన్నటిదాకా కిరాణా కొట్లో చెల్లిన బిళ్ళ.

సంచీలో ఎక్కువగా ఉన్నవి చిల్లు కానీలు. రెండో ప్రపంచయుద్ధంలో లోహానికి కరువొచ్చి, 1943 నుంచి 1947 దాకా మధ్యలో పెద్ద చిల్లుతో కొట్టిన కంచు కానీలివి. చూడ్డానికి వింతగా ఉంటాయి కనక పిల్లల మొలతాళ్ళకి కట్టారు, తాళాలగుత్తికి తగిలించారు, బోల్టుకి వాషర్లుగా వాడారు, మిగిలినవి దాచారు. అదే వాటి కొంప ముంచింది. అందరూ దాచుకున్న వస్తువుని ఎవడు డబ్బిచ్చి కొంటాడు? పాతదైతే చాలు ఖరీదైనదనుకుంటాం గానీ, శాతవాహనుల సీసపు నాణేల్లో అరిగిపోయిన మామూలు రకాలు కూడా, రెండు వేల ఏళ్ళ వయసుండి, పెద్ద ధర పలకవు.

నాణేనికి ధర తెచ్చేది వయసు కాదు, ఎన్ని మిగిలాయన్నది. ఎన్ని మిగిలాయన్నది మన తాతలు వాటితో ఏం చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1939 నాటి ఆరో జార్జి రూపాయి కథే చూడండి. అప్పటిదాకా రూపాయిలో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. 1940లో సర్కారు దాన్ని సగానికి దించేసింది. మంచి వెండి రూపాయిలు మార్కెట్లోంచి మాయమయ్యాయి: కొన్ని సర్కారే వెనక్కి లాగింది, కొన్ని పెట్టెల్లోకి, కొన్ని కంసాలి మూసలోకి వెళ్ళాయి. 1939 ముద్ర ఉన్నవి అరుదైపోయాయి. అందుకే 1938లోని చివరి 8ని గీకి 9 చేసే ఘనులూ పుట్టారు. భూతద్దం లేకుండా ఈ రూపాయి కొనడం సాహసమే. పెద్దనాన్న దగ్గరున్నది మాత్రం నికార్సైన 1938.

నాకు ఇష్టమైనది ఇంకొకటి దొరికింది: చార్మినార్ బొమ్మున్న హాలీ సిక్కా రూపాయి. నిజాం రాజ్యానికి సొంత డబ్బుండేది. ఏడు హాలీ రూపాయిలిస్తే సుమారుగా ఆరు కల్దార్ రూపాయిలు, అంటే బ్రిటిషిండియా రూపాయిలు, వచ్చేవి. 1948లో రాజ్యం పోయినా ఆ డబ్బు వెంటనే పోలేదు, 1959 దాకా నడిచింది. ఈ రూపాయిని చదవాలంటే చార్మినార్ ద్వారంలోకి చూడాలి. అక్కడ 'మీమ్' అక్షరముంటే మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. తేదీ హిజ్రీ సంవత్సరంలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. ఆ నాలుగంకెలు రాకపోతే మామూలు సంవత్సరానికీ, అరుదైనదానికీ తేడా తెలీదు. తేడా తెలీనివాడికి వ్యాపారి తక్కెట్లో వేసి వెండి ధర చెప్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

స్వాతంత్ర్యం తర్వాతి చిల్లరకైతే తేదీ కింద చూడాలి. నక్షత్రముంటే హైదరాబాద్ టంకశాల, డైమండు గుర్తుంటే బొంబాయి, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఒకే ఏడాది ఒకే పావలా ఒక టంకశాలలో కుప్పలుగా, ఇంకోదాన్లో కొద్దిగా తయారై ఉండొచ్చు. 2011 జూన్ 30న పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి గానీ, చెల్లకపోవడానికీ అరుదవ్వడానికీ సంబంధం లేదు.

ఇక నాణెం ఎంత అరిగిందన్నది. రాజుగారి కిరీటం గీతలు కనపడాలి, అంచు మీది నొక్కులు వేలికి తగలాలి. లోహం మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్లటి పొర ఉండాలి, సేకర్తలు దాన్నే ప్రేమిస్తారు. ఈ మాట చెప్తుండగానే పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, "నిన్నే నేను అన్నింటినీ చింతపండేసి తళతళలాడేలా తోమాను నాయనా" అంది.

చార్మినార్ రూపాయి నిజంగానే తళతళలాడుతోంది. 'ఐన్' చుట్టూ సన్నటి పీచుగీతలు. పెద్దనాన్న నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా చిల్లరంతా సంచీలోకి ఎత్తాడు. ఒక్క చిల్లు కానీ మాత్రం పక్కకి తీసి, స్కూటరు తాళానికి తగిలించుకున్నాడు.